మేకుకు వేలాడిన మాట

"ఒక్క ఫొటో కోసమేగా అమ్మా! ఫొటో తీసుకుని మళ్ళీ ఇదే మేకుకు తగిలించేస్తాను."

"వద్దన్నానా?"

"అన్నావు. ఎందుకో చెప్పలేదు."

"చెప్పడానికేముందే? పాత గుడ్డ. ఇంటిల్లిపాదీ చేతులు తుడుచుకునే గుడ్డ. నీ మొదటి రికార్డు అట్టమీద వేయించుకోడానికి ఇదే దొరికిందా? బజార్లో నా కొట్టు నిండా బట్టలే. జార్జి బట్టలున్నాయి, హాలండు అచ్చులున్నాయి, లేసులున్నాయి. నీకేది నచ్చితే అది పట్టుకెళ్ళు. ఇది మాత్రం మేకు దిగదు."

అప్పటికి అరగంటగా సాగుతోంది ఈ తగువు. ఉగోయె పొయ్యి దగ్గర పండిన కూర అరటి ముక్కలు వేయిస్తూ, వెనక్కి తిరగకుండానే జవాబులు చెబుతోంది. జిముజో వంటింటి గుమ్మంలో నిలబడి తలుపును ఇటు లాగి, అటు నెట్టి, దాని వెనక వేలాడుతున్న బట్టను చూస్తోంది. మగ్గం మీద చేత్తో నేసిన నీలం బట్ట. నీలం వెలిసి బూడిద రంగులోకి దిగింది. కింది అంచు పోగులు విడిపోయింది. నడుము ఎత్తున మాత్రం చేతులు తగిలి తగిలి నల్లగా మెరుస్తోంది.

కిందటివారం ఈ ఇంటిని మనం శనివారం సాయంత్రం దగ్గర వదిలాం. బ్యాంకు ఉద్యోగం మానేసి లాగోస్‌లో నాలుగేళ్ళు పాటలే పట్టుకుని కూచున్న జిముజో, తన మొదటి రికార్డు పూర్తిచేసుకుని ఎనుగులోని ఇంటికి వచ్చింది. ఎనిమిది పాటలు. స్నేహితురాలు మొరెనికె పడకగదిలో, బయటి చప్పుళ్ళు రాకుండా కిటికీలకు పరుపులు అడ్డంపెట్టి, గిటారు ఒళ్ళో పెట్టుకుని, గొంతు తగ్గించి పాడిన పాటలు. బతుకులో జరిగింది జరిగినట్టు చెప్పిన పాటలు. ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు తండ్రికి ఒక మాట ఇచ్చింది: ఈ ఇంటి సంగతి ఏ పాటలో వచ్చినా ముందు ఈ ఇంట్లో వినిపించాకే బయటికి వదులుతానని. ఆ మాట కోసమే స్పీకరు చంకన పెట్టుకుని బస్సెక్కింది. శనివారం సాయంత్రానికి ఏడు పాటలు అయ్యాయి. చర్చి గాయకుల బృందంలోంచి ఎందుకు బయటికి వచ్చేసిందో చెప్పే పాట వినగానే తండ్రి ఒక్వుదిలి ఏమీ అనకుండా లేచి వెళ్ళి, పక్కింటివైపు కిటికీ మూసి వచ్చాడు. చెడిపోయిన తన పెళ్ళి గురించిన పాటకు మేనత్త న్వామక కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఒకసారి పెట్టమంది. ఈ ఆదివారానికి మిగిలింది ఎనిమిదో పాట. ఈ ఇంటి పాట అదొక్కటే. శుక్రవారానికల్లా రికార్డు లాగోస్‌లో విడుదల చేసేవాళ్ళ చేతికి వెళ్ళాలి. వెళ్ళాక ఒక్క అక్షరం మార్చడానికి ఉండదు.

"ఆ మసిగుడ్డ మీద యుద్ధం ముగిశాక అన్నం పెడతారా, లేకపోతే దాన్నే వడ్డిస్తారా?" హాల్లోంచి అన్న లోటానా కేక వేశాడు.

"నీకు ఆకలి తప్ప ఇంకో బాధ లేదురా," అంది న్వామక. ముక్కాలిపీట మీద కూచుని, ఒళ్ళో చాట పెట్టుకుని, గుమ్మడిగింజల్లాంటి ఎగుసి గింజలు ఒలుస్తోందామె. "అమ్మాయ్ జిముజో! రా, ఆ పాటేదో పెట్టు. మీ అమ్మ పట్టు నీకు తెలీదా?"

జిముజో తలుపు వదిలేసి హాల్లోకి వచ్చింది. తండ్రి చర్చికి వేసుకెళ్ళిన తెల్ల చొక్కా ఇంకా విప్పలేదు. ముప్ఫై ఏళ్ళు చర్చి బడిలో పాఠాలు చెప్పి హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. కుర్చీలో కూచున్నా బల్ల వెనక కూచున్నట్టే ఉంటాడు.

"అమ్మా, నువ్వూ రా."

"పొయ్యి మీద నూనె ఉంది. ఇక్కడికి వినపడుతుందిలే, పెట్టు."

జిముజోకి అరచేతుల్లో చెమట పట్టింది. లాగోస్‌లో ముక్కూ మొహం తెలియని నలభైమంది ముందు గిటారు పట్టుకుని కూచున్నప్పుడు కూడా పట్టని చెమట. ఈ పాట రాయడానికి ఆమెకు రెండేళ్ళు పట్టింది. మిగతా ఏడూ దీని చుట్టూ తిరుగుతూ తిరుగుతూ వచ్చినవే. ఇది లేకపోతే ఆ రికార్డుకు తలుపే లేదు. వేలితో ఫోను నొక్కింది.

ముందు కొయ్యరోట్లో రోకలి పడిన చప్పుడు. ధబ్. ఆగి, ధబ్. ఆ వెంటనే రెండు గబగబా. వీధి చివర పెండలం ముద్ద అమ్మే ఆమెను బతిమాలి, రోలు గదిలోకి మోసుకొచ్చి, ఖాళీ రోట్లో దంచి తీసుకున్న చప్పుడది. మొరెనికెకు దాని అర్థం తెలియదు. కావాలని పట్టుబట్టింది జిముజో.

చాటలో న్వామక వేళ్ళు ఆగిపోయాయి.

ఆ చప్పుడు మీద గిటారు ఎక్కింది. గిటారు మీద మెల్లగా, చెవిలో చెప్పినట్టు, జిముజో గొంతు:

తలుపు వెనక మా అమ్మ అక్వా,
మేకుకు వేలాడే అక్వా,
వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ
చేతులు తుడుచుకునే అక్వా.

ప్రతి పాదం చివరా రాగం పైకి ఎక్కి అక్కడే నిలబడింది.

లోటానా ముందు దగ్గాడు. తర్వాత నవ్వాడు. "ఏంటే అది? ఏడుపుతో చేతులు తుడుచుకోవడమేంటే?"

"ఏడుపా?"

"మరి? నువ్వే కదే పాడావు."

"ఆపు దాన్ని," అన్నాడు ఒక్వుదిలి. జిముజో ఆపింది. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "అక్వా. ఏదీ, అను."

"నాన్నా..."

"అనమంటున్నాను."

"అక్వా."

"ఇప్పుడు అన్నావు సరిగ్గా. గొంతు మొదటి సగంలో పైన, రెండో సగంలో కింద. బట్ట. పాటలో ఏం పాడావు? రెండూ పైనే పెట్టావు. అప్పుడేమవుతుంది?"

"ఏడుపు," అన్నాడు లోటానా, రెండో తరగతి పిల్లాడిలా చెయ్యెత్తి.

"కింద మొదలుపెట్టి పైకెత్తితే గుడ్డు. రెండూ కిందే ఉంచితే మంచం. ఎంతమంది పిల్లలకి నేర్పానో లెక్కలేదు ఈ నాలుగూ. నా కూతురు మాత్రం బట్ట అనబోయి ఏడుపు అని పాడి, దాన్ని లోకం మీదికి వదలబోతోంది. మనవాళ్ళు వింటే ఏమంటారు? హెడ్మాస్టరు కూతురికి సొంత భాష రాదంటారు."

జిముజో మొహం వేడెక్కింది. తండ్రి కోప్పడినందుకు కాదు. ఆయనన్నది నిజమైనందుకు. గిటారు పైకి ఎక్కింది కాబట్టి గొంతు దాని వెంట వెళ్ళింది. మొరెనికెది వేరే భాష, యోరుబా మాట్లాడే ఇల్లు. ఆమెకు ఈ తేడా పట్టుబడదు. పైగా ఆ ఎత్తు దగ్గరే ఒళ్ళు జలదరిస్తోందని మెచ్చుకుంది. మరి తనకేమైంది? రెండు వందలసార్లు పాడి ఉంటుంది. ఒక్కసారైనా చెవికి తగల్లేదు. ఆ గదిలో ఈ పాట విని తప్పు పట్టడానికి ఈ భాష మాట్లాడే మనిషే ఎదురుగా లేడు. నిజం తప్ప ఇంకేమీ పాడనని గొప్పలు పోయిన మనిషి, అమ్మ గురించి రాసిన ఒక్క పాటలో మాటే తప్పు పాడింది.

వంటింట్లో గరిటె కిందపడిన చప్పుడైంది.

ఉగోయె గుమ్మంలో నిలబడి ఉంది. చేతికి నూనె, మొహాన చెమట. కొట్టులో ఎంత పేచీకోరు బేరం వచ్చినా మాట తొణకని మనిషి. ఇప్పుడు పొయ్యి మీది నూనె వదిలేసి వచ్చేసింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఏంటమ్మా?"

"నేను ఏడ్చానని. తలుపు వెనక. ఎవరు చెప్పారు?"

ఉగోయె చూపు కూతురి మీంచి ఆడపడుచు మీదికి మళ్ళింది. "వదినా, నువ్వేనా? నా చెయ్యి పట్టుకుని, చచ్చేదాకా నోరు విప్పనన్నావు."

"నా నోట్లోంచి ఒక్క మాట రాలేదు ఉగోయే," అంది న్వామక. చాట పక్కన పెట్టేసింది.

"మరి రోలు? రోలు సంగతి దీనికెలా తెలిసింది?"

"అమ్మా," అంది జిముజో. "నాకెవరూ ఏమీ చెప్పలేదు. నేను రాసింది బట్ట గురించి. ఆ బట్ట గురించే. నాన్న అన్నట్టు రాగం పైకెళ్ళిపోయింది, నేను చూసుకోలేదు. మాట తప్పు పాడాను. అంతే."

ఉగోయె కూతురి మొహంలోకి చూసింది. అక్కడ అబద్ధం లేదు. అంటే పందొమ్మిదేళ్ళు దాచినది ఎవరూ బయటపెట్టలేదు. ఇప్పుడు తన నోటితో తనే బయటపెట్టుకుంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"రోలు..." జిముజో మెల్లగా అంది. "చిన్నప్పుడు సాయంత్రాలు వంటింటి తలుపు మూసి ఉండేది. లోపల రోకలి చప్పుడయ్యేది. ఇవాళ పెండలం ముద్ద అని ఆశపడి కూచునేవాళ్ళం. తీరా చూస్తే అన్నం పెట్టేవాళ్ళు. అది నాకు అలా గుర్తుండిపోయింది. అందుకే పెట్టాను."

"అవునవును! నేనైతే అలిగి..." అనబోయి లోటానా ఆగిపోయాడు.

"ఖాళీ రోలు," అంది న్వామక. ఆమె ఎవరివైపూ చూడడంలేదు. "ఖాళీ రోట్లో దంచేదాన్ని. మీ అమ్మ ఆ బట్ట మొహానికి అదుముకునేది. ఎంత అదుముకున్నా చప్పుడు ఆగదు కదా. మీకు వినపడకూడదని దంచేదాన్ని. వానాకాలం మొత్తం దంచాను. నా భుజం ఇప్పటికీ పట్టేస్తూ ఉంటుంది. మోకాళ్ళ నొప్పుల మందే దీనికీ రాయమని డాక్టర్ని అడిగితే నవ్వాడు."

ఒక్వుదిలి కుర్చీలో ముందుకు వంగాడు.

"ఏ వానాకాలం?" అన్నాడు ఒక్వుదిలి.

ఉగోయె భర్తవైపు తిరిగింది. "మీకు తెలీదూ?"

"తెలిస్తే అడుగుతానా?"

"మా అమ్మ పోయిన ఏడు."

జిముజోకి అప్పుడు ఏడేళ్ళు. అమ్మమ్మ పోయిందని చెప్పారు, దూరం కాబట్టి వెళ్ళలేదన్నారు. తర్వాత ఆ ఊసే రాలేదు. అమ్మమ్మ ఊరు అమాన్‌క్వో ఎంత దూరమో పెద్దయ్యాక తెలిసింది. రెండు గంటల ప్రయాణం. అయినా అడగాలని తోచలేదు.

"మా అమ్మ మూడుసార్లు బాప్తిస్మం వద్దంది," అంది ఉగోయె, పిల్లలిద్దరికీ చెబుతున్నట్టు. గొంతు మామూలుగానే ఉంది, కొట్టులో బట్ట రకం చెబుతున్నట్టు. "నా దేవుళ్ళు నాకు చాలు, మీ దేవుణ్ణి మీరు చూసుకోండి అనేది. అందుకని పాత పద్ధతిలోనే పాతిపెట్టారు. మేం నలుగురు అక్కచెల్లెళ్ళం. ముగ్గురే నిలబడ్డారు. అల్లుళ్ళు కూచునే పందిట్లో నాలుగు కుర్చీలు వేసి, మీ నాన్నది తీసేయాల్సి వచ్చిందట. ఊరంతా అడిగారట, ఉగోయె బతికుందా పోయిందా అని. వెళ్ళొద్దని ఫాదర్ అన్నారని మీ నాన్న చెప్పారు. వెళ్తే బడిలోంచి తీసేస్తారన్నారు. నేను ఆగిపోయాను. తల్లి పోతే ఆమె బట్టలు కూతుళ్ళు పంచుకుంటారు. నా వాటా బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపారు. బ్రెడ్డు సంచిలో పెట్టి."

తలుపు వైపు చూడకుండానే ఆ వైపుకు చెయ్యి చూపించింది.

"పెట్టెలో దాస్తే అమ్మ వాసన పోతుందేమోనని మేకుకు తగిలించాను. చేతులు తుడుచుకున్నది మీరు. నేను వద్దనలేదు. వద్దంటే ఎందుకని అడుగుతారుగా."

జిముజో తన వేళ్ళవైపు చూసుకుంది. పొద్దున టీ తాగాక కూడా వాటిని దానికే తుడిచింది.

"అప్పటి రోజులు వేరు," అన్నాడు ఒక్వుదిలి. గొంతు సవరించుకున్నాడు. "చర్చి బడిలో పనిచేస్తూ ఫాదర్ మాట కాదనడం ఎవరివల్ల అయ్యేది? ఇప్పుడు అదంతా తవ్వుకుని ఏం లాభం? అమ్మాయ్, ఆ రాగం మార్చు. బట్ట అని సరిగ్గా పాడు. ఇంతటితో వదిలేద్దాం."

"ఏ ఫాదర్ నాన్నా?" అన్నాడు లోటానా. అడగాలని అడిగింది కాదు. గుర్తు తెచ్చుకుంటున్నాడు. "ఆ పొడుగాయనేనా? నేనప్పుడు పూజలో గంట కొట్టేవాణ్ణి. ఆ వానల్లోనే ఎవరో పెద్దాయన పోయాడు, బాప్తిస్మం లేనాయనే. ఫాదర్ స్వయంగా వెళ్ళి పందిట్లో కూచున్నారు. గొడుగు పట్టమని నన్నూ తీసుకెళ్ళారు. మేకమాంసం పెట్టారు, నాకు బాగా..."

చెప్తూ చెప్తూ ఉండగా ఆ మాటల అర్థం అతనికే తెలిసివచ్చింది. నోరు మూసుకున్నాడు. కానీ అన్న మాట అన్నట్టే ఉంది.

స్పీకరు మీద చిన్న ఎర్రదీపం వెలిగి ఆరుతోంది. వంటింట్లోంచి అరటి ముక్కలు మాడుతున్న వాసన వస్తోంది. ఆ వాసన పట్టించుకోకుండా ఉగోయె నిలబడడం జిముజో ఎప్పుడూ చూడలేదు.

"లోటా నాన్నా." ఉగోయె చాలా నెమ్మదిగా భర్తను పిలిచింది. "ఆ రోజు ఫాదర్ మీతో ఏమన్నారు?"

"అదే... చెప్పాను కదా."

"మీరు చెప్పింది కాదు. ఆయనన్న మాట. ఆయనన్నది అన్నట్టు చెప్పండి. మాట ఒక్క పిసరు అటూ ఇటూ అయితే అర్థం మారిపోతుందని ఇందాక మీరే అన్నారుగా."

ఒక్వుదిలి కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. కళ్ళజోడు లేకుండా ఆయన మొహం ఎవరిదో మొహంలా ఉంది. జిముజోకి ఆయన మీద కోపం రావాలి. రాలేదు. భయం వేసింది. నోరు విప్పితే ఈ ఇల్లు ఇల్లుగా ఉండదని, విప్పకపోయినా ఉండదని.

"ఆయన ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదంటే?"

"నేను అడగలేదు."

న్వామక గట్టిగా ఊపిరి పీల్చింది. "ఒరేయ్ తమ్ముడూ," అంది.

"ఆ నెలలోనే నన్ను హెడ్మాస్టరుగా ఖాయం చేయాలి. అడిగితే ఏమంటారో అనుకున్నాను. ఒకవేళ వెళ్ళమంటే వెళ్ళాలి కదా. వెళ్తే చూసినవాళ్ళు ఊరుకుంటారా అనుకున్నాను. రోజూ అడుగుదామనే వెళ్ళేవాణ్ణి. ఆయన గుమ్మం దాకా వెళ్ళి, హాజరుపట్టీ మీద సంతకం పెట్టించుకుని వచ్చేసేవాణ్ణి. ఈలోపల అక్కడ అయిపోయింది." ఆయన తలెత్తాడు. మామూలుగా 'లోటా తల్లీ' అని పిలిచే మనిషి పేరు పెట్టి అన్నాడు. "అడగలేదు ఉగోయే."

ఆమె ఏడుస్తుందనుకుంది జిముజో. లేదా కేకలు వేస్తుందనుకుంది. ఉగోయె వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి ఆర్పిన చప్పుడు వినిపించింది. మూకుడు దించిన చప్పుడు. తలుపు కిర్రుమంది. దాని తర్వాత కాసేపు ఏ చప్పుడూ లేదు. హాల్లో నలుగురూ అది వింటూ కూచున్నారు. ఈసారి దంచడానికి న్వామక కూడా లేవలేదు.

బయటికి వచ్చేటప్పుడు ఉగోయె చేతిలో అన్నం గిన్నె ఉంది. భుజం మీద నీలం బట్ట ఉంది.

బల్ల మీద పళ్ళాలు పెట్టి, ఆదివారం ఎప్పుడూ వడ్డించినట్టే వడ్డించింది. అన్నం, ఎర్రటి టమాటా కూర, మాడని అరటి ముక్కలు ఏరి పక్కన. కోడికూరలో కందనకాయ ఇంటి పెద్దకు వెళ్ళడం ఆ ఇంట్లో పెళ్ళయిన నాటినుంచీ ఉన్న అలవాటు. ఉగోయె గరిటెతో దాన్ని తీసి, ఒక్వుదిలి పళ్ళెం దాటించి, ఆడపడుచు పళ్ళెంలో వేసింది.

న్వామక దానివైపు పామును చూసినట్టు చూసింది. "నాకెందుకే ఇది?"

"భుజం నొప్పన్నావుగా. తిను."

ఒక్వుదిలి పళ్ళెంలోంచి తల ఎత్తలేదు.

ఎవరూ చెంచా ముట్టుకోలేదు. లోటానా ఏదో ఒకటి చేయాలన్నట్టు కూర గిన్నె జరపబోయి వేళ్ళ మీద ఒలకబోసుకున్నాడు. అలవాటుగా లేచి వంటింటి తలుపు దాకా వెళ్ళాడు. తలుపు లాగాడు. మేకు ఒక్కటే ఉంది. అన్నేళ్ళూ బట్ట కప్పిన చోట గోడరంగు కొత్తగా కనిపిస్తోంది. వేళ్ళు గాల్లో పెట్టుకుని తిరిగి వచ్చి కూచున్నాడు.

జిముజో ఇక ఆగలేకపోయింది. "అమ్మా, శుక్రవారం దాకా టైముంది. ఆ మాట ఒక్కటీ ఇక్కడే మళ్ళీ పాడి ఫోన్లో పంపితే మొరెనికె అతికించేస్తుంది. లేదూ, అసలు ఆ పాటే వద్దంటావా, తీసేస్తాను. ఏడు పాటలతోనే వస్తుంది రికార్డు. నీ ఏడుపు... నీ సంగతి నువ్వు వద్దంటే ఊరి మీద పెట్టను. నువ్వు చెప్పు, నువ్వెలా అంటే అలా."

ఆ పాట తీసేస్తే మిగిలేవి ఏడు మంచి పాటలు. అంతే. అయినా మనసులో ఒకటి పెట్టుకుని అన్న మాట కాదు. అమ్మ తీసేయమంటే తీసేస్తుంది.

"మార్చక్కర్లేదు," అన్నాడు ఒక్వుదిలి, పళ్ళెం వైపే చూస్తూ. "మాట... మాట సరిగ్గానే పాడింది పిల్ల."

"మిమ్మల్ని ఎవరూ అడగలేదు," అంది ఉగోయె.

అంత మెత్తగా అంది కాబట్టి ఆ మాట ఎక్కడ తగిలిందో అందరికీ తెలిసింది.

ఉగోయె భుజం మీంచి బట్ట తీసింది. నిలబడే ఉంది. బల్ల అంచున దాన్ని పరిచి, చేత్తో సాపుచేసి, మధ్యకు మడిచింది. మళ్ళీ మడిచింది. బజార్లో ఎన్నో వేల బట్టలు మడిచిన చేతులు. ఈ ఒక్కదాన్ని మడవడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

"ఈ గురువారం మా ఊరి సంత రోజు," అంది. "ఇవాళే మా అక్కకు ఫోన్ చేస్తాను. పెద్ద ఆర్భాటమేమీ వద్దు. ఒక మేక, నాలుగు కుర్చీలు, మేం నలుగురు అక్కచెల్లెళ్ళం. గురువారం నేను అమాన్‌క్వో వెళ్తున్నాను. మా అమ్మకి కూతురు చేయాల్సింది చేసి వస్తాను. పందొమ్మిదేళ్ళు ఆలస్యమైంది. ఆమె ఏమీ అనుకోదు. నేనెరుగుదును మా అమ్మని."

"నేనూ వస్తాను," అంది న్వామక వెంటనే.

"రా వదినా. ఈసారి దంచక్కర్లేదు." కూతురివైపు తిరిగింది. "నీకు ఫొటో కావాలన్నావు కదా. అక్కడికి రా. ఇది నా నడుముకు ఉంటుంది. తీసుకో."

"వస్తానమ్మా. మరి పాట?"

ఉగోయె భర్తవైపు చూడలేదు. గొంతు పెంచలేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగే గొంతుతో, బల్ల చుట్టూ ఉన్న అందరికీ వినపడేలా చెప్పింది.

"అల్లుళ్ళ పందిట్లో నాలుగో కుర్చీ వేయిస్తాను. అందులో మనిషి కూచుంటే, శుక్రవారం ఆ మాట దించి పాడు. బట్ట అను. కుర్చీ ఖాళీగా ఉంటే నువ్వు పాడినట్టే వదిలెయ్."

తర్వాత మడిచిన బట్ట ఒళ్ళో పెట్టుకుని కూచుంది. చెంచా అందుకుని, అందరికంటే ముందు తినడం మొదలుపెట్టింది.